బల్ల మీద పూరిల్లు: కొన్ని చిట్కాలు

బొమ్మల కొలువులో పల్లె పెట్టాలన్నా, సైనికుల బొమ్మలతో 1757 నాటి బొబ్బిలి యుద్ధం బల్ల మీద ఆడాలన్నా నాలుగు పూరిళ్లు ఉండాల్సిందే. కొనబోతే దొరికేవి చాలావరకు పొగగొట్టాలున్న ఇంగ్లండు ఇళ్లు. మా అల్లూరు వైపు పాకకు పొగగొట్టం ఎక్కడిది? వంటపొగ కప్పులోంచే పోతుంది. అందుకే మన ఇల్లు మనమే కట్టుకోవాలి.

1. ముందు బొమ్మను నిలబెట్టి కొలవండి. ఈ ఆటలో సైనికుడు సాధారణంగా 28 మిల్లీమీటర్లు ఉంటాడు. బొమ్మ కింద ఉండే బిళ్ల మందం కూడా కలుపుకుంటే వాకిలి 35 మిల్లీమీటర్లు చాలు. కొలువులో కొండపల్లి బొమ్మలు పెట్టేవాళ్లు వాటి ఎత్తునే లెక్కకు తీసుకోండి.

2. గోడలు పొట్టిగా, కప్పు ఎత్తుగా ఉండాలి. మనిషి వంగి దూరేంతగా చూరు దించండి. సముద్రపు గాలికి ఇల్లు నిలవాలంటే అలాగే కట్టాలి. 1989 నవంబరులో కావలి దగ్గర తీరం దాటిన తుఫానును చూసినవాళ్లకు ఈ మాట వేరే చెప్పక్కర్లేదు.

3. గోడకు అట్టపెట్టె ముక్క చాలు. ఎర్రమట్టిని పలచటి గుడ్డలో జల్లించి, ఫెవికాల్‌తో కలిపి అట్టకు రెండువైపులా పూయండి. ఒకవైపే పూస్తే వంకర తిరుగుతుంది. నీడలో ఆరనివ్వండి.

4. అట్టకు బదులు థర్మోకోల్ వాడితే దాని మీద స్ప్రే రంగు కొట్టకండి, కరిగిపోతుంది.

5. ఇంటికి అందమంతా కప్పులోనే ఉంది, ఇక్కడ తొందరపడొద్దు. వరిగడ్డి చేతికి అందుతుంది కదా అని దాన్నే అతికిస్తారు చాలామంది. 3 మిల్లీమీటర్ల గడ్డిపోచ ఈ కొలతలో దాదాపు జానెడు మందం దూలంలా కనిపిస్తుంది. కొబ్బరి పీచు వాడండి. నానబెట్టి, పాత దువ్వెనతో చిక్కు తీసి, రెండంగుళాల కుచ్చులుగా కత్తిరించుకోండి. నిజం ఇల్లు నేసేవాళ్లలాగే చూరు దగ్గర మొదలుపెట్టి, జిగురుతో అతికిస్తూ పైకి రండి. ప్రతి వరుసా కింది వరుసను సగం కప్పాలి. చివరికి నడికొప్పు మీద ఒక కుచ్చును అటూ ఇటూ వంచి, నల్లదారంతో అడ్డదిడ్డంగా కుట్టండి. జిగురు పూర్తిగా ఆరాక చూరును కత్తెరతో ఏటవాలుగా సరిచేయండి.

6. బంగారు రంగు వేయకండి. ఎండకూ వానకూ కప్పు బూడిద రంగుకు తిరుగుతుంది. పలచటి గోధుమ రంగు పూసి ఆరనిచ్చి, కుంచెను బూడిద రంగులో ముంచి గుడ్డకు తుడిచి, మిగిలిన రంగును పైపైన రాయండి.

7. కప్పును గోడలకు అతికించకండి. అది పైకి లేస్తేనే సైనికులను లోపల దాచగలం.

8. గడపకు పసుపు, దాని మీద గుండుసూదితో కుంకుమ చుక్కలు, ముందు సున్నంతో చిన్న ముగ్గు. ఇంత చేస్తే చాలు, అందులో మనుషులు కాపురమున్నట్టు కనిపిస్తుంది.

9. మైదా జిగురుకు ఎలుకలూ పురుగులూ వస్తాయి, వాడొద్దు. సముద్రం దగ్గర ఊళ్లలో చెమ్మ ఎక్కువ కాబట్టి ఇళ్లను మూతపెట్టెలో దాచండి. థర్మోకోల్ వాడని ఇళ్లయితే పురుగులు రాకుండా రెండు కలరా ఉండలు వేయండి. ఆ ఉండలు పిల్లల చేతికి అందనీయకండి.

నిజం పూరిళ్లు ఏటికేడు తగ్గిపోతున్నాయి. దారిలో ఒకటి కనిపిస్తే ఆగండి. ఇంటివాళ్లను అడిగి, చూరు నేలకు ఎన్ని మూరల ఎత్తులో ఉందో కొలిచి రాసుకోండి.