క్షీరద జీనోమ్‌లో ప్రాచీన పునరావృత డీఎన్‌ఏ: పరిణామం, విధులు, పశు ప్రజననంలో ప్రాధాన్యం

ఉపోద్ఘాతం

మానవ జీనోమ్‌లో సుమారు 300 కోట్ల క్షార జంటలు ఉన్నాయి. ప్రోటీన్ల నిర్మాణానికి సంకేతం అందించే భాగం ఇందులో 2 శాతం కంటే తక్కువ. సుమారు సగభాగం ఒకే రకమైన క్రమాలు వేలసార్లు, లక్షలసార్లు పునరావృతం కావడం వల్ల ఏర్పడింది. ఆవు, గొర్రె, ఎలుక వంటి ఇతర క్షీరదాలలోనూ ఇవి విస్తారంగానే ఉన్నాయి. ఈ భాగం జీవికి ఉపకరిస్తుందా, లేక కేవలం భారమా అన్నది సైద్ధాంతిక చర్చకే పరిమితమైన ప్రశ్న కాదు. దూడల మరణానికి కారణమయ్యే జన్యులోపాలలో కొన్నింటికి మూలం ఈ క్రమాలే.

చారిత్రక నేపథ్యం

ఈ అధ్యయనానికి బీజం పడింది ఒక పంట మొక్కలో. బార్బరా మెక్‌క్లింటాక్ 1940ల దశకంలో మొక్కజొన్న గింజలపై కనిపించే రంగు మచ్చలను పరిశీలించి, క్రోమోజోములలో స్థానం మార్చుకునే మూలకాలు ఉన్నాయని నిరూపించారు. ఇందుకు ఆమెకు 1983లో నోబెల్ బహుమతి లభించింది. 1968లో రాయ్ బ్రిటెన్, డేవిడ్ కోన్ వేరుపరచిన డీఎన్‌ఏ పోగులు తిరిగి జతకూడే వేగాన్ని బట్టి ఉన్నత జీవులలో పునరావృత క్రమాలు విస్తారంగా ఉన్నాయని తెలిపారు. మరుసటి సంవత్సరం బ్రిటెన్, ఎరిక్ డేవిడ్సన్ ఇవి జన్యు నియంత్రణలో పాల్గొంటాయని ప్రతిపాదించారు. ఇందుకు భిన్నంగా, 1980లో లెస్లీ ఆర్గెల్, ఫ్రాన్సిస్ క్రిక్ వీటిని తమ ప్రతులను పెంచుకోవడమే పనిగా గల ‘స్వార్థపర డీఎన్‌ఏ’గా అభివర్ణించారు. రెండు వాదనలలోనూ సత్యం ఉన్నట్లు తరువాతి పరిశోధనలు తేల్చాయి.

ప్రధాన రకాలు

క్షీరదాలలో అధిక భాగం రెట్రోట్రాన్స్‌పోజాన్లు. ఇవి ముందుగా ఆర్‌ఎన్‌ఏగా మారి, దాని నుండి తయారైన డీఎన్‌ఏ ప్రతిని మరొక చోట చొప్పిస్తాయి. పాత ప్రతి యథాస్థానంలో ఉండిపోతుంది కనుక సంఖ్య పెరుగుతూ పోతుంది.

1. ఎల్‌1: పూర్తి ప్రతి పొడవు సుమారు 6,000 క్షార జంటలు. మానవ జీనోమ్‌లో 17 శాతం ఇవే. అయితే నేటికీ కదలగల ప్రతులు సుమారు 100 మాత్రమే.
2. ఆలు: పొడవు సుమారు 300 క్షార జంటలు, మానవునిలో 10 లక్షలకు పైగా ప్రతులు. సొంత ఎంజైము లేనందున, ఇతర చెట్టుపై బతికే బదనిక వలె, ఎల్‌1 ఎంజైములపై ఆధారపడుతుంది.
3. ఎంఐఆర్: టీ-ఆర్‌ఎన్‌ఏ నుండి ఉద్భవించిన ప్రాచీన క్రమం. నేటి క్షీరద వర్గాలు విడిపోకముందే వ్యాపించి, తరువాత నిశ్చలమైంది.
4. అంతర్జాత రెట్రోవైరస్‌లు: పూర్వం బీజకణాలలో ప్రవేశించిన వైరస్‌ల అవశేషాలు, మానవ జీనోమ్‌లో సుమారు 8 శాతం.

వయస్సును నిర్ధారించే విధానం

కొత్తగా చొప్పించిన ప్రతి తన మూలాన్నే పోలి ఉంటుంది. కాలక్రమంలో ఉత్పరివర్తనాలు చేరి తేడాలు పెరుగుతాయి. కాబట్టి తేడా ఎక్కువైన కొద్దీ ప్రతి పాతది. రెండవ ఆధారం స్థానం. ఒక ప్రతి మానవునిలోనూ ఆవులోనూ సరిగ్గా ఒకే చోట ఉంటే, ఆ రెండు వంశాలు వేరుపడక ముందే అది అక్కడ చేరిందని భావించాలి.

విధిని సంతరించుకున్న క్రమాలు

హైపోథాలమస్‌లోని కొన్ని నాడీకణాలలో పీఓఎంసీ జన్యువు నుండి వెలువడే పెప్టైడ్లు ఆకలిని అదుపు చేస్తాయి. అక్కడ ఈ జన్యువును పనిచేయించేవి రెండు ఎన్‌హాన్సర్లు. వీటిలో ఎన్‌పీఈ2 ఒక ప్రాచీన రెట్రోట్రాన్స్‌పోజాన్ నుండి 17 కోట్ల సంవత్సరాలకు పూర్వమే రూపొందిందని అర్జెంటీనా శాస్త్రవేత్త మార్సెలో రూబిన్‌స్టెయిన్ బృందం 2007లో వెల్లడించింది. ఎన్‌పీఈ1 వేరొక రెట్రోట్రాన్స్‌పోజాన్ నుండి, ఆ తరువాతి కాలంలో ఏర్పడింది. ఎలుకలలో ఎన్‌పీఈ2 ఒక్కదానినే తొలగిస్తే జన్యుచర్యలో మార్పు స్వల్పం. రెండింటినీ తొలగిస్తే జన్యుచర్య బాగా క్షీణించి, ఎలుకలు అతిగా తిని స్థూలకాయం పొందాయి. సంబంధం లేని రెండు క్రమాలు వేర్వేరు కాలాలలో ఒకే బాధ్యతను స్వీకరించడం ఇక్కడ గమనించదగినది.

జరాయువు ఏర్పడటానికి తోడ్పడే సిన్సిటిన్ ప్రోటీన్ కూడా రెట్రోవైరస్ జన్యువు నుండి వచ్చినదే. నెమరువేసే పశువులు తమ సిన్సిటిన్‌ను మానవునితో సంబంధం లేకుండా, వేరొక వైరస్ నుండి పొందాయి.

అయితే ఈ ఉదాహరణల ఆధారంగా పునరావృత క్రమాలన్నీ ఉపయోగకరమని భావించరాదు. అధిక భాగం క్రమంగా శిథిలమవుతున్న అవశేషాలే. ఒక క్రమానికి విధి ఉన్నదని చెప్పాలంటే, అది వివిధ జాతులలో సంరక్షితమై ఉండాలి. తొలగించినప్పుడు జీవిలో మార్పు కనిపించాలి. కేవలం ఆర్‌ఎన్‌ఏ తయారవుతున్నదన్న ఆధారం చాలదు.

పశు ప్రజననంలో ప్రాధాన్యం

హోల్‌స్టీన్ పశువులలో కొలెస్ట్రాల్ లోపానికి కారణం అపోలిపోప్రోటీన్-బి జన్యువులో చేరిన సుమారు 1,300 క్షార జంటల రెట్రోవైరస్ అవశేషమని 2016లో వెల్లడైంది. రెండు ప్రతులూ లోపభూయిష్టమైన దూడలు తగ్గని విరేచనాలతో, ఎదుగుదల లేక చిన్న వయస్సులోనే మరణిస్తాయి. ఒక ప్రతి మాత్రమే ఉన్న పశువు సాధారణంగా ఆరోగ్యంగా కనిపిస్తుంది.

సంకరీకరణలో దీని పర్యవసానాన్ని గుర్తించాలి. వాహక ఆంబోతు వీర్యాన్ని దేశవాళీ ఆవులకు వాడినప్పుడు తొలి తరంలో వ్యాధి కనిపించదు. కానీ పుట్టిన పెయ్యలలో సగం వాహకాలవుతాయి. వాటికి మరల వాహక ఆంబోతు వీర్యమే వాడితే, ఆ వాహక పెయ్యలకు పుట్టే దూడలలో సగటున నాలుగింట ఒకటి వ్యాధికి గురవుతుంది. అప్పుడు రైతు ఆ మరణాన్ని సాధారణ పారుడు రోగంగానే భావించే అవకాశం ఉంది.

ముగింపు

కావున హోల్‌స్టీన్ ఘనీకృత వీర్యాన్ని ఎంపిక చేసేటప్పుడు పాల దిగుబడి వివరాలతో పాటు ఈ లోపానికి సంబంధించిన పరీక్షా ఫలితాన్ని కూడా పరిశీలించాలి. హాప్లోటైప్ ఆధారిత అంచనా కంటే, చొప్పింపును నేరుగా గుర్తించే పీసీఆర్ పరీక్ష విశ్వసనీయం. ఎందుకంటే అదే హాప్లోటైప్ లోపం లేని పశువులలోనూ ఉండవచ్చు. చికిత్సకు లొంగని విరేచనాలతో దూడలు మరణించిన చోట తల్లి, తండ్రి వంశ వివరాలను నమోదు చేయడం విస్తరణ శాస్త్రవేత్తలు వెంటనే చేపట్టదగిన పని.