వేసవి నడకయందు కుట్టు పురుగుల బాధ, దాని నివారణము

వేసవి సెలవులు వచ్చినతోడనే మన విద్యార్థులలో ననేకులు మూటలు కట్టుకొని కాలినడకను కొండలు చూడ బయలుదేరుదురు. ఇది మెచ్చదగిన యలవాటు. రైలు కిటికీనుండి చూచిన కొండ వేఱు, కాలితో నెక్కిన కొండ వేఱు. అయితే త్రోవలో పాము కనబడునేమో, ఎలుగుబంటి యెదురగునేమో యని భయపడు బాలుడు తన చెవియొద్ద పాడుచున్న దోమను లక్ష్యపెట్టడు. కావున ఈ సంచికలో ఆ చిన్న శత్రువులను గూర్చి కొంత వ్రాయదలచితిని. నే వ్రాయబోవు దానికి మూలము పుస్తకములు మాత్రమే కాదు. నేను చేసిన యొక తప్పును గలదు.

కొన్ని సంవత్సరముల క్రిందట మే నెలలో పదునొకండుగురు బాలురను వెంటబెట్టుకొని అనంతగిరినుండి అరకులోయవైపు నడచితిని. మూటలు బరువగునని, దోమతెరలు ఇంటనే విడిచి రండని నేనే చెప్పితిని. రెండవ రాత్రి ఒక సెలయేటి యొడ్డున ఆరుబయట పండుకొంటిమి. నీరు నిర్మలముగా నుండెను, మురుగు లేదు, ఇక్కడ దోమ లెక్కడివని తలంచితిని. అందఱమును సుఖముగా నిల్లు చేరితిమి. ఆ రాత్రి గడచిన పండ్రెండవ దినమున వారిలో నొక బాలునికి చలితో జ్వరము వచ్చెను. ఇంటివారు వడదెబ్బ యనుకొని, మజ్జిగ త్రావించి, తడిగుడ్డ వేయుచు మూడు దినములు గడపిరి. నాలుగవ దినమున నేను చూడబోగా ఆ పిల్లవాని తల్లి, “మాస్టరుగారూ, మావాడు కొండలలో ఎక్కడ పండుకొన్నాడండీ?” అని యడిగెను. ఆ ప్రశ్నతో నా కన్నులు తెఱవబడెను. వెంటనే రక్తపరీక్ష చేయించగా మలేరియా యని తేలెను. తగిన మందుచే బాలుడు కోలుకొనెను గాని, వ్యర్థమైన ఆ మూడు దినములు నా మనస్సునుండి నేటికిని పోలేదు.

నా పొరపాటు ఎక్కడ నున్నది? దోమలన్నియు మురుగులోనే పుట్టునని నమ్మితిని. క్యూలెక్స్ జాతి దోమ మురుగునీట పెరుగుట నిజమే. ఏడిస్ జాతి మన యిండ్లలోని తొట్లయందును, విడిచిన కొబ్బరిచిప్పలయందును నిలిచిన నీట పెరిగి, పగటివేళ కుట్టి డెంగ్యూ జ్వరమును వ్యాపింపజేయును. కాని మలేరియాను మోయు అనాఫిలిస్ దోమలు ఎక్కువగా మంచినీటినే కోరును. వానిలో నొక జాతి కొండలయందలి మెల్లగా పాఱు సెలయేటి యంచుల గుడ్లు పెట్టును. మేము పండుకొన్నది సరిగా దాని వాకిటనే.

ఈ సంగతి మన దేశమునకు సంబంధించినదే. 1897వ సంవత్సరము ఆగష్టు 20వ తేదీన రొనాల్డ్ రాస్ అను వైద్యుడు సికిందరాబాదులో, మలేరియా రోగి రక్తము పీల్చిన అనాఫిలిస్ దోమ కడుపు గోడలో ఆ రోగక్రిమిని సూక్ష్మదర్శినితో కనుగొనెను. అందులకు ఆయనకు 1902లో నోబెల్ బహుమానము లభించెను. మగదోమ కుట్టదు; గుడ్లు పెట్టుటకు రక్తము కావలసిన ఆడుదోమయే కుట్టును. మనము విడుచు ఊపిరిలోని బొగ్గుపులుసు వాయువును, ఒంటి వేడిమిని, చెమట వాసనను పట్టి అది మనలను వెదకికొనును. కావున నడచి చెమర్చినవాడు దానికి సులభముగా దొరకును.

దోమగాక త్రోవలో మఱికొన్ని గలవు. జోరీగ పగటియెండలో పశువులున్న తావుల, నీటిచెంత తిరుగును. అది సూదివలె గ్రుచ్చక, చర్మమును కోసి రక్తమును నాకును. అందుచే నొప్పి మెండు. ఇసుక యీగ దోమకంటె చిన్నది. సామాన్యపు దోమతెర కన్నములనుండి దూఱగలదు. అయితే బలహీనముగా నెగురును గనుక గాలి వీచుచోట నిలువజాలదు. పిడుదు నిజమునకు కీటకము కాదు. పెరిగిన దానికి సాలీటివలె ఎనిమిది కాళ్లుండును. అది గడ్డిమీదనుండి బట్టలకెక్కి చర్మమును పట్టుకొనును. పొదలలో కంటికి కనబడని పిల్లపురుగులు కొన్ని కుట్టి స్క్రబ్ టైఫస్ అను జ్వరమును తెచ్చును. కుట్టినచోట ఒక్కొకప్పుడు నల్లని పెచ్చు కట్టును. బస చేసిన యింటి మంచములలో నల్లులుండవచ్చును. అవి నిద్ర చెఱచునే గాని రోగమును మోయుననుటకు నిదర్శనము లేదు.

ఇక నివారణోపాయములు వినుడు.

మొదటిది: తెల్లని లేక లేతరంగుగల వదులైన బట్టలు, పొడుగు చేతులు గలవి, తొడుగవలెను. గడ్డిలో నడచునపుడు లాగు అంచులను మేజోళ్లలో దోపుకొనవలెను.

రెండవది: దోమతెర విడువరాదు. మందు పట్టించిన తెర యైనచో మఱింత మేలు. అంచులను చాపక్రింద చెక్కవలెను. చేయి గాని మోకాలు గాని తెరకు తగులరాదు, తగిలినచో దోమ బయటనుండియే కుట్టును.

మూడవది: సాయంకాలము మొదలు తెల్లవాఱువఱకు అనాఫిలిస్ కుట్టు వేళ. డీట్ అను మందుగల లేపనమును బట్ట కప్పని చర్మమునకు పూసికొనవచ్చును. కన్నులకు, నోటికి, పుండ్లకు తగులనీయరాదు. వేపనూనె కొంతసేపే కాపాడును. దానినే నమ్మి పండుకొనరాదు.

నాల్గవది: బసను నీటియొడ్డున గాక, గాలి తగులు మెట్టమీద ఏర్పరచుకొనవలెను. స్నానమునకు నాలుగడుగులు నడచుట కష్టము కాదు.

ఐదవది: ప్రతి సాయంకాలము చంకలు, మోకాళ్ల మడతలు, చెవుల వెనుక పిడుదులకై చూచుకొనవలెను. దొరికినచో సన్నని పటకారుతో చర్మమునకు దగ్గఱగా పట్టి, మెలిపెట్టక తిన్నగా లాగవలెను. నిప్పు పెట్టుట, కిరసనాయిలు పోయుట కూడదు.

కుట్టినచోట సబ్బుతో కడిగి చల్లని తడిగుడ్డ వేసిన వాపు తగ్గును. గోకరాదు. దోమ చేసిన గాటు కంటికి కనబడదు. మురికిగోళ్లు చేసిన గాటు చీముపట్టును. కుట్టిన పిమ్మట ముఖము ఉబ్బినను, ఊపిరి ఆడకున్నను ఆలస్యము చేయక వైద్యునియొద్దకు కొనిపోవలెను.

తలిదండ్రులకు ఒక మనవి. మలేరియా సాధారణముగా దోమ కుట్టిన యొకటి రెండు వారములకు బయటపడును. కొన్నిమాఱులు నెలలు గడచిన పిమ్మటగూడ రావచ్చును. కావున కొండలనుండి వచ్చిన బిడ్డకు జ్వరము తగిలినచో వడదెబ్బయని మీరే నిర్ణయింపకుడు. ఆ దినముననే ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు కొనిపోయి, ఎక్కడెక్కడ పండుకొనెనో వైద్యునికి చెప్పి, రక్తపరీక్ష చేయింపుడు. మలేరియాలో నొక జాతి కొలది దినములలోనే మెదడునకు ఎక్కి ప్రాణాపాయము తెచ్చును. ఆరంభముననే మందు పడినచో మలేరియా కుదురు వ్యాధియే.

ప్రియ విద్యార్థులారా, ఈ వ్యాసము చదివి కొండలకు పోవుట మానుకొనవలదు. నేనును మానలేదు. ఇప్పుడు నేను బాలురతో బయలుదేరునపుడు ముందుగా మూటలు విప్పించి దోమతెరలు లెక్కపెట్టెదను. తిరిగి వచ్చిన దినమున ప్రతివాని యింటికి, ఏ రాత్రి ఎక్కడ పండుకొంటిమో వ్రాసిన చీటి పంపెదను. తెర బరువు అర కిలోయైనను ఉండదు. దానిని మోయలేదని నేను మూడు దినములు మోసిన బరువు అంతకంటె చాల యెక్కువ.