పులవబెట్టిన దాణా, కోళ్ల సంగతి

లక్సెట్టిపేట

చెల్లె సరితకు,

గింజలు పులవబెట్టి కోళ్లకు పెడితే గుడ్లు పెరుగుతయా అని అడిగినవు. పెట్టు, మంచిదే. గాని ఫోన్ల వీడియోలల్ల చెప్పినంత మాయ అందుల ఏం లేదు.

ఇంటి ముందు కుడితి గోళెం యాదికుందా? బియ్యం కడిగిన నీళ్లు, గంజి, తౌడు పోస్తే తెల్లారేసరికి పులిసేది, బర్రెలు దాన్నే ఇష్టంగ తాగేటియి. ఇదీ గదే పని. ఎంగిలి కూరలు, తొక్కు కడిగిన నీళ్లు మాత్రం కోళ్ల దాణాల పోయకు. ఎక్కువ ఉప్పు కోడికి విషం.

మక్కలు గట్లనే వేస్తే లోపలికి నీళ్లు జల్ది పట్టయి. గిర్నీల పగలగొట్టియ్యి. అండ్ల నూకలు, కొంచెం తౌడు కలిపి ప్లాస్టిక్ బకెట్లనో జాడీలనో పొయ్యి. ఇనుము, అల్మినం గిన్నెలు పులుపుకు పాడైతయి. గింజల మీద నాలుగు వేళ్ల మందం నీళ్లు నిలవాలె, రోజుకు రెండుసార్లు కలపాలె. మూత బిగించకు, గుడ్డ కట్టు. మిషన్ భగీరథ నల్లా నీళ్లల్ల క్లోరిన్ ఉంటది, అందుకని రాత్రి బిందెల పట్టి మూత తీసిపెట్టు. మన దిక్కు ఎండలకు ఒక్క దినంలనే పులుస్తది, చలికాలం మూడు దినాలన్న పడుతది. పుల్లటి వాసన, సన్న బుడగలు వచ్చినయంటే తయారైనట్టే. అడుగున కొంచెం నీళ్లు ఉంచి కొత్త గింజలు పోస్తే మళ్లసారి జల్ది పులుస్తది. ఒక్క పూట తినేటంతే తీసి పెట్టు, మిగిలితే ఈగలు ముసురుతయి.

గింజలల్ల ఉన్న భాస్వరంల మూడింట రెండు వంతుల దాకా ఫైటేట్ రూపంల ఉంటది. కోడి కడుపు దాన్ని సరిగ విడగొట్టలేదు, పులిస్తే కొంత విడుతది. పులిసి పీహెచ్ 4.5 కంటె కిందికి దిగితే సాల్మొనెల్లా అసొంటి సూక్ష్మజీవులు సరిగ పెరగవు. తడి దాణా దుమ్ములెక్క ఎగిరిపోదు, అది కూడ ఖర్సు కలిసొచ్చేదే.

గుడ్లంటవా, మక్కలల్ల మాంసకృత్తులు 8, 9 శాతమే. గుడ్లు పెట్టే కోడికి 16 శాతం దాకా కావాలె. ఆ లోటు ఎంత పులిసినా తీరదు. పల్లి చెక్క కలుపు, చెదలు దొరికితే ఇంకా మంచిది. పత్తి చెక్క మన దిక్కు అగ్గువకే వస్తది గాని జోలికి పోకు. దాంట్ల గాసిపాల్ అనే విషం ఉంటది, నిలవున్న గుడ్ల పచ్చసొన ఆకుపచ్చగ మారుతది. ఒక్క పెంకుకే రెండు గ్రాముల దాకా కాల్షియం కావాలె గనుక సున్నపురాయి పలుకులు ఎప్పుడూ పక్కన పెట్టు.

అన్నిటికంటె బూజుకు భయపడు. బూజు పట్టిన మక్కలు పులవబెడితే బాగైతయని ఎవలు చెప్పినా నమ్మకు. బూజు ఇడిసే అఫ్లాటాక్సిన్ విషం పులుపుకు పోయేది గాదు. 1960 సంవత్సరంల ఇంగ్లండుల లక్షకు పైగా టర్కీ కోళ్లు చచ్చినయి, కారణం బ్రెజిల్ నుంచి తెప్పించిన పల్లి చెక్కల ఉన్న ఈ విషమే. బకెట్ మీద పలుచటి తెల్ల పొర కడితే తీసెయ్యి, ఏం గాదు. పచ్చ బూజో నల్ల బూజో కనబడ్డా, కుళ్లు వాసన కొట్టినా మొత్తం గుంత తీసి పూడ్చు. పెంటకుప్ప మీద పోస్తివా, నీకంటె ముందు కోళ్లే అక్కడికి చేరుతయి.

కొత్తగ రాజశ్రీ జాతి కోడిపిల్లలు తెచ్చినవట, సంతోషం. పులిసిన దాణా తింటే కొక్కెర తెగులు రాదని మీ వాడకట్టుల అంటున్నరని రాసినవు. అది ఉత్త మాట. ఐదో దినం నుంచి ఏడో దినం లోపల లసోటా టీకా చుక్క కంట్ల వెయ్యాలె, నాలుగో వారంల ఇంకోసారి, ఎనిమిదో వారంల ఆర్‌టూబీ సూది. మందు మంచుల పెట్టి తెచ్చుకోవాలె, కలిపినంక రెండు గంటలల్ల వాడెయ్యాలె. ఒక్క సీసా వంద కోళ్లకు సరిపోతది, నీ పిల్లలు పదో పన్నెండో. రేపే పశువుల దవాఖానకు పోయి అడుగు, పక్కిండ్ల కోళ్లకు కూడ అదే దినం వేయించు.

మీ అక్క