మధ్యాహ్నం నిద్ర ఎప్పుడు మాన్పించాలి?

ప్రశ్న: మా పాపకు రెండేళ్ల ఎనిమిది నెలలు. మధ్యాహ్నం పడుకుంటే రాత్రి పదకొండైనా కళ్లు మూయదు. పగటి నిద్ర మాన్పించమని మా అత్తయ్య అంటున్నారు. మాన్పించవచ్చా?
– ఒక తల్లి, ఖమ్మం

జవాబు: ఇప్పుడే వద్దమ్మా. ఎక్కువమంది పిల్లలు మూడు నుంచి ఐదేళ్ల మధ్య తమంతట తామే పగటి నిద్ర మానేస్తారు. రెండేళ్ల వయసులో కొన్నాళ్లు పడుకోనని మొరాయించడం మామూలే. అంతమాత్రాన నిద్ర అక్కర్లేదని కాదు.

ముందు వేళ చూడండి. నాలుగింటికి పడుకుని ఆరింటికి లేచిన పిల్లకు తొమ్మిదింటికే నిద్ర ఎలా వస్తుంది? అన్నం పెట్టి ఒంటిగంటకల్లా పడుకోబెట్టండి. గంట, గంటన్నరకు మెల్లగా లేపండి. పొద్దున లేపే వేళ మాత్రం రోజూ ఒకటే ఉండాలి. రెండు వారాలు ఓపిక పట్టండి. మూడేళ్లు దాటాక పగలూ రాత్రీ కలిపి 10 నుంచి 13 గంటల నిద్ర చాలు. మీ పాప వయసుకు ఇంకొంచెం ఎక్కువే కావాలి.

మధ్యాహ్నం పడుకోని రోజు కూడా సాయంత్రం దాకా హుషారుగా ఆడుకుంటుంటే మాన్పించవచ్చు. ఐదయ్యేసరికి పేచీ పెడుతున్నా, బండెక్కగానే తూగుతున్నా ఇంకా సమయం రాలేదు. రాత్రిళ్లు తరచూ గురక పెడుతుంటే మాత్రం పిల్లల డాక్టరుకు తప్పక చూపించండి.