ఆకులు రాలు కాలము, పూలు పూచు కాలము

ఇంగ్లీషు వాచకములలో 'ఆటమ్' అను మాట వచ్చినప్పుడెల్ల దానికి 'శరదృతువు' అని అర్థము వ్రాసికొనుట మన పాఠశాలలలో వాడుకయైనది. నెలలను బట్టి చూచినచో నది తప్పు కాదు. కాని ఆ మాట వెంట నింకొక తలంపు కూడ పిల్లల మనస్సులలో ప్రవేశించుచున్నది. ఆటమునందు ఆకులు రాలును గనుక మన శరత్తునందును ఆకులు రాలునని వారు నమ్ముచున్నారు. ఆకులెప్పుడు రాలునని మేము తరగతిలో అడిగినప్పుడు తరచుగా వచ్చు జవాబు 'శరత్తునందు' అనియే. కిటికీ వెలుపల ఆశ్వయుజమాసపు వేపచెట్టు నిండుగా పచ్చగా నిలిచియున్నను ఆ జవాబు మారదు! కంటికి కనబడుచున్న దానికంటె పుస్తకములోని మాటయే గట్టిదని విద్యార్థి తలంచుట చదువునకు మేలుచేయదు. కావున ఏ ఋతువునందు ఏ పూలను, ఏ ఆకులను, ఎచ్చట చూడదగునో కొంత వ్రాయుచున్నాము.

మొదట శీతల దేశముల సంగతి. అచ్చట సెప్టెంబరు దాటగానే పగళ్లు పొట్టివగును, చలి ముదురును. నేల గడ్డకట్టు కాలమున చెట్టు వేళ్లతో నీటిని పీల్చుకొనలేదు. అందుచేత ఆకులలోని సారమును ముందుగానే కొమ్మలలోనికి తీసికొని, ఆకు తొడిమ మొదట బెండు వంటి పొర నొకదానిని పెంచి, ఆకును విడిచివేయును. పత్రహరితము విరిగిపోయినప్పుడు దాని వెనుక దాగియున్న పసుపు వన్నె బయటపడును. కొన్ని చెట్లయందు 'ఆంథోసయనిను' అను ఎఱ్ఱని పదార్థము అప్పుడే క్రొత్తగా పుట్టును. జపాను దేశీయులు వసంతమున చెఱ్ఱీ పూలను చూడబోవుటకు 'హనామి' అనియు, ఎఱ్ఱనాకులను చూడబోవుటకు 'మొమిజిగారి' అనియు వేరువేరు పేర్లు పెట్టుకొన్నారు. క్యోటో నగరమున చెఱ్ఱీ పూలకు మార్చి చివర, ఏప్రిలు మొదలు. మేపుల్ ఆకులకు నవంబరు చివర తగిన కాలము.

మన చెట్లకు చలి భయము లేదు. నీటి కరవు కలదు. ఆకు ఎంత విశాలముగానున్న అంత నీరు ఆవిరియై పోవును. తెలంగాణమునను రాయలసీమయందును డిసెంబరు మొదలు మే వరకు వాన మిక్కిలి స్వల్పము. కావున మన యడవులలోని చెట్లు పుష్యమాఘములలో ఆకు విడువ నారంభించి ఫాల్గుణమునకు బోడులగును. మన పూర్వులు ఆకురాలుటను శిశిరమునకు చెప్పినది ఇందుచేతనే. అదే జాతి చెట్టు వాగు యొడ్డున నున్నచో తరచుగా కొన్ని దినములు ఆలస్యముగా ఆకు విడుచును. మీ యూరి చెఱువుగట్టు మీది చెట్టును, మెట్ట మీది చెట్టును పోల్చి చూడుడు.

శరత్తు మనకు ఆకు రాలు కాలము గాక పోగా, నేల యంతయు పూయు కాలము. నైఋతి వానలు వెనుకకు తగ్గగానే మెట్టనేలలయందును, బాటల ప్రక్కలను తంగేడు బంగారు వన్నెతో విరియును. తెలంగాణమున భాద్రపద బహుళ అమావాస్య మొదలు తొమ్మిది దినములు స్త్రీలు పేర్చు బతుకమ్మకు తంగేడు, చేలలోని గునుగు ముఖ్యమైన పూలు. 2014లో తెలంగాణ రాష్ట్ర మేర్పడిన పిమ్మట తంగేడునే రాష్ట్రపుష్పముగా గ్రహించిరి. దీని బెరడుతో తోళ్లను పదునుచేయుట పూర్వమునుండి యున్న వృత్తి. ఈ పూలకై ఎక్కడికిని ప్రయాణము చేయవలసిన పని లేదు; ఊరి వెలుపల అరక్రోసు నడచిన చాలును.

ప్రయాణము చేయదలచినవారికి అరకులోయ తగినది. విశాఖపట్టణమునుండి అనేక సొరంగముల గుండ పోవు రైలు మార్గము కలదు. నవంబరు, డిసెంబరు నెలలలో అచ్చటి కొండవాలులు వలిసె పూలతో పసుపు పఱచినట్లుండును. అయితే వలిసె అడవిపువ్వు కాదని మఱువరాదు. అది గిరిజనులు నూనె గింజలకై వేసికొన్న పంట. చిత్రములు తీయించుకొనుటకై చేలలోనికి దిగి మొక్కలను త్రొక్కువారిని అచ్చట చూచుచున్నాము. ప్రక్కింటివారి వరిమడిలోనికి దిగి నిలుచుండుటకు సాహసింపనివారు ఇచ్చట నేల సాహసింతురో మాకు తెలియకున్నది. గట్టున నిలిచి చూచినను ఆ యందము తగ్గదు.

ఇక అన్నిటికంటె చూడదగినది శిశిరము. చిత్రమేమనగా ఆకు పోయినప్పుడే మన యడవి పూయును. హైదరాబాదునుండి గాని, దోర్నాల వైపునుండి గాని శ్రీశైలమునకు పోవు బాటలు రెండును నల్లమల గుండ పోవును. ఫిబ్రవరి, మార్చి నెలలలో ఆ దారిని పోవువాడు మొదట ఎండిన కొండలను చూచి నిరాశపడును. పిమ్మట రాతిబండల నడుమ ఒక్క ఆకైనను లేని కొమ్మల చివర అరచేయి యంత పసుపుపచ్చని పువ్వులు కనబడును. అవి కొండగోగు పూలు. ఇంకను ఎత్తుగా, ముండ్లబోదెతో, దళసరి రేకుల ఎఱ్ఱని పూలతో నుండునది బూరుగు. ఉదయమున దాని క్రింద నిలిచినచో గోరువంకలు, కాకులు, ఉడుతలు చేయు సందడి చెవులకు నిండును. పూవు గిన్నెలో తేనె సమృద్ధిగా నుండుటయే దానికి కారణము.

మోదుగు పువ్వునకు వాసన లేదని కవులు చాల కాలమునుండి నిందించుచున్నారు. ఆ నింద న్యాయము కాదు. మోదుగునకు ముఖ్యమైన అతిథులు పక్షులు. పక్షులలో పెక్కింటికి వాసన కంటె వన్నె ముఖ్యము. ఆకులడ్డము లేనందున ఆ కాషాయపు ఎఱుపు చాల దూరమునకు కనబడును. చిలుకముక్కు వలె వంగిన ఆ పువ్వులోనికి తేనెపిట్ట తల దూర్చినప్పుడు పుప్పొడి అంటును. ఎండకాలములో కాయ పండి, తొలకరికి విత్తనము నేలపై సిద్ధముగా నుండును. ఆకు లేనప్పుడు పూయుటలో ఇంత లెక్క యున్నది. హోళీ పండుగకు ఈ పూలను నానవేసి రంగు తీయుట మీరెఱుగుదురు. విస్తరులు కుట్టునది దీని ఆకులతోనే. ఆదిలాబాదు వైపు టేకు అడవులంచున, పొలముల గట్లపై మోదుగులను విరివిగా చూడవచ్చును. గట్లు చదును చేసి మోదుగులను కొట్టివేయుట ఇటీవల హెచ్చుచున్నది. నరికిన పొలముగలవాడు ఫాల్గుణమున ఏమి పోగొట్టుకొన్నాడో అతని పిల్లలు అడిగిన బాగుండును.

స్కాట్లండు దేశీయుడగు విలియం రాక్స్‌బర్గు సామర్లకోటయందు చాల ఏండ్లుండి, 1793లో కలకత్తా వృక్షోద్యానమునకు పోయెను. కోరమాండలు తీరపు మొక్కలను గూర్చి యతడు వ్రాసిన గ్రంథము మొదటి సంపుటము 1795లో వెలువడెను. అతడు తన వ్రాతలలో మొక్కలకు తెలుగు పేర్లను అడిగి తెలిసికొని వ్రాసికొనెను. ఆ పేర్లను చెప్పినవారు మన గ్రామీణులే. వారి సంతతికి నేడు ఆ పేర్లు తెలియకుండుట మాకు విచారకరముగా నున్నది.

చైత్రము వచ్చునప్పటికి ఎఱ్ఱనాకుల వంతు. పరదేశీయుడొకడు మార్చి నెలాఖరున మన ఊళ్లకు వచ్చి రావిచెట్టును చూచినచో, ఆకులన్నియు రాగి రంగున మెఱయుచుండుట చూచి అవి రాలుటకు సిద్ధముగానున్నవని తలంచును. నిజమందుకు విరుద్ధము. అవి పుట్టి వారమైనను కాని ఆకులు. రావి, ఇప్ప, మామిడి చిగుళ్లన్నియు ఇట్లే ఎఱ్ఱగా పుట్టి పిమ్మట పచ్చబడును. చలిదేశమున ఎఱుపు ముసలితనపు వన్నె; మన దేశమున పసితనపు వన్నె. పదార్థము మాత్రము ఒక్కటియే: ఆంథోసయనిను. లేత ఆకును తీక్ష్ణమైన ఎండనుండియు, పురుగులనుండియు అది కాపాడునని శాస్త్రజ్ఞులు తలంచుచున్నారు. వానకు రెండు నెలల ముందే చిగురించుటకు నీరెక్కడిదని అడుగవచ్చును. లోతు వేళ్ల నీరు, బోదెలో దాచిన నీరు దానికి ఆధారము. పగలు పెరుగుటయే పెక్కు చెట్లకు సంకేతము.

ఈ నియమమునకు లొంగనిది బాదముచెట్టు. కాకినాడ, మచిలీపట్నము వంటి తీరపు ఊళ్లలో ఇది లేని బడి అరుదు. దీని ఆకులు రాలబోవునప్పుడే ఎఱ్ఱనగును. తరచుగా ఏటికి రెండుసార్లు రాలును. మేపుల్ ఆకులను చూడలేదని చింతించు విద్యార్థి బాదము క్రింద నొక యెఱ్ఱనాకు ఏరుకొనవచ్చును.

ఎండుటాకుల కాలమే అడవికి అగ్నిభయము కల కాలము. చైత్రమున తెల్లవారుజామున ఇప్పపూలు రాలును. వానిని ఏరుకొనువారు క్రింది ఆకులను కాల్చి నేలను శుభ్రము చేయుట కొన్ని చోట్ల వాడుక. ఒక్కొక్కప్పుడు ఆ మంట కొండ యెక్కును. ఏరుకొనుట వారి జీవనము, దానిని తప్పుపట్టము. చీపురుతో ఊడ్చినను నేల శుభ్రమగును. విహారమునకు పోవు మనము మాత్రము అడవిలో పొయ్యి పెట్టరాదు, బీడీ ముక్క పారవేయరాదు.

వేసవిలో రేల, తురాయి, తొలకరిలో కడిమి, వీనిని గూర్చి వేరుగ చెప్పవలసినంత లేదు, వీథిలోనే కనబడును. తురాయి మడగాస్కరునుండి వచ్చినదని మాత్రము గుర్తుంచుకొనుడు.

తొమ్మిదవ తరగతివారు సంక్రాంతి సెలవులనుండి ఇంటి దగ్గరి ఒక చెట్టును ఏర్పఱచుకొని, మొదటి ఆకు పండిన దినము, చెట్టు బోడియైన దినము, మొదటి మొగ్గ, మొదటి చిగురు కనబడిన దినములు నోటుపుస్తకమున వ్రాయవలెను. చెట్టు పేరు తెలియనివారు ఇంటిలోని అమ్మమ్మనో తాతనో అడిగి తెలిసికొనవలెను. తలిదండ్రులు దయచేసి ఆ దినములను తాము వ్రాసి యీయక, పిల్లలనే చూడనీయవలెను. పుస్తకములు ఉగాది మఱునాడు మాకు అందవలెను.