నీరు కుదురుకొనువరకు

పాఠ్యభాగము: 1 తిమోతి 3:1–13, 5:22, గలతీ. 1:15–18

శ్రీకాకుళము, విశాఖపట్టణము జిల్లాల నుండి వలవేటకు వచ్చి అండమానులో స్థిరపడిన మన తెలుగు కుటుంబములు పోర్ట్ బ్లెయిర్‌లో అనేకములు కలవు. ఈ పట్టణమునకు 2024లో శ్రీ విజయపురమని పేరు మార్చబడినను, పలువురు ఇంకను పాత పేరే పలుకుచున్నారు. వీధి చివర సముద్రము కనిపించు ఈ ఊరిలో, ఇంటియందును సముద్రపు చేపలను పెంచవలెనను కోరిక పుట్టుట వింత కాదు. నాకును పుట్టెను.

గాజు తొట్టి కొని, సముద్రపు నీరు తెచ్చి నింపి, మూడవ దినముననే నాలుగు క్లౌన్ ఫిష్‌లను వదలితిని. నీరు అద్దమువలె నిర్మలముగా నుండెను. ఎనిమిదవ దినమునకు నాలుగును చచ్చెను. చేపలమ్మిన వానిని నిందించితిని గాని అతని తప్పేమియు లేదు.

చేప ఊపిరి విడుచునప్పుడే దాని మొప్పల ద్వారా అమ్మోనియా నీటిలో చేరును. మిగిలిన మేత కుళ్లినప్పుడును అదియే పుట్టును. అది కంటికి కనబడదు, కాని చేపకు విషము. మంచినీటికంటె సముద్రపు నీటిలో దీని అపాయము మరింత ఎక్కువ. ఏలయనగా సముద్రపు నీటికి క్షారగుణము అధికము, క్షారగుణము పెరిగినకొలది అమ్మోనియా విషరూపమున నిలుచును. ఈ విషమును హరించు పని దేవుడు సూక్ష్మజీవులకు అప్పగించెను. ఒక జాతి అమ్మోనియాను నైట్రైట్‌గా మార్చును. వేరొక జాతి ఆ నైట్రైట్‌ను అంతగా హాని చేయని నైట్రేట్‌గా మార్చును. 1890 ప్రాంతమున వినోగ్రాడ్‌స్కీ అను రష్యా శాస్త్రజ్ఞుడు వీటిని వేరుపరచి చూపెను. ఇవి రాళ్లమీదను, ఇసుకమీదను, వడపోత పెట్టెలోను అంటుకొని మెల్లగా వృద్ధిపొందును. క్రొత్త తొట్టిలో ఇవి తగినంతగా పెరుగుటకు సాధారణముగా నాలుగు నుండి ఆరు వారములు పట్టును.

కావున తెలిసినవారు మొదట చేపలను వేయరు. అండమానులో వానలు మెండు గనుక, పెద్ద వాన వెలిసిన వెంటనే ఒడ్డున నీరు తీసికొనరు. అది ఉప్పు పలుచబడిన నీరు. సాంద్రత 1.025 ఉన్నదో లేదో చూచి నింపుదురు. తీరమున దొరికిన పగడపు రాయిని తెచ్చి వేయరు. పగడములు వన్యప్రాణి సంరక్షణ చట్టము క్రింద రక్షింపబడినవి. (ఈ సంగతి మన పిల్లలకు సండే స్కూలులోనే చెప్పుట మంచిది.) తరువాత చిటికెడు మేతనో, కొలిచిన అమ్మోనియానో వేసి, రెండు మూడు దినములకొకమారు మందు చుక్కలతో నీటిని పరీక్షింతురు. మొదట అమ్మోనియా పెరుగును. అది తగ్గుచుండగా నైట్రైట్ పెరుగును. నడుమ గాజుమీద గోధుమరంగు పాచి పట్టి తొట్టి వికారముగా కనబడును. అనేకులు ఇచ్చటనే విసిగి, అంతయు పారబోసి కడుగుదురు; కుళాయి నీటిలోని క్లోరిన్ తగిలి అంతవరకు పెరిగిన సూక్ష్మజీవులు నశించును. ఓర్చినవారికి ఒక దినమున రెండును సున్నయై, నైట్రేట్ మాత్రము మిగులును. మరల అమ్మోనియా వేసి చూడగా ఇరువదినాలుగు గంటలలో అది మాయమైన యెడల తొట్టి సిద్ధమైనట్లే.

నేను చేసిన తప్పు తొట్టితో ఆగలేదు గనుకనే ఈ పాఠము వ్రాయుచున్నాను. మా సంఘములో ఒక యౌవనుడు బాప్తిస్మము పొంది మూడు నెలలు కాకమునుపే, అతని చక్కని మాటతీరు చూచి, మేము అతనిని యౌవనుల సమాజమునకు కార్యదర్శిగా నియమించితిమి. చేయెత్తినవారిలో నేనొకడను. కానుకల లెక్కలు, పెద్దల తగవులు, పొగడ్తలు, నిందలు అన్నియు ఒక్కమారే అతనిమీద పడెను. సంవత్సరము తిరుగకమునుపే అతడు ఆరాధనకు వచ్చుట మానివేసెను. స్వచ్ఛముగా కనబడుట వేరు, కుదురుకొనుట వేరు అని తిమోతికి వ్రాసిన అపొస్తలుడు ఎరుగును. క్రొత్తగా విశ్వసించినవానిని అధ్యక్షునిగా చేయవద్దనెను. పరిచారకులు మొదట పరీక్షింపబడవలెననెను. త్వరపడి ఎవనిమీదను చేతులుంచవద్దనెను.

పౌలు తాను వెంటనే ప్రకటింపలేదా అని ఎవరైన అపొ. కార్య. 9:20 చూపవచ్చును. ప్రకటించెను, నిజమే. సాక్ష్యము చెప్పుటకు ఎవరును ఆగనక్కరలేదు. అయితే అరేబియా, దమస్కు, మూడు సంవత్సరముల తరువాత యెరూషలేము, పిమ్మట తార్సు. ఇన్నిటి తరువాతనే బర్నబా అతనిని అంతియొకయకు తోడుకొని వచ్చెను. సంఘము చేతులుంచి పంపినది ఇంకను తరువాత.

గాజు తొట్టిలో సముద్రజీవులను పెంచుట లోకమునకు నేర్పినవారిలో ముఖ్యుడైన ఫిలిప్ హెన్రీ గాస్ బ్రదరెన్ సహవాసమునకు చెందిన విశ్వాసి. 1836లో మన నర్సాపురమునకు బౌడెన్, బీర్ అను దైవజనులను పంపిన ఉద్యమమే అది. అక్వేరియం అను మాటను వ్యాప్తిలోనికి తెచ్చినది 1854లో వెలువడిన అతని గ్రంథమే. సూక్ష్మజీవుల సంగతి అప్పటికి ఎవరికిని తెలియదు. అయినను మొదట సముద్రపు మొక్కలను నిలిపి, అవి కుదిరిన పిమ్మట జీవులను చేర్చవలెనని అతడు అనుభవముచే గ్రహించెను.

మరియొక సంగతి. వట్టి నీటిని నింపి ఆరు వారములు ఊరకుంచిన తొట్టి సిద్ధము కాదు. ఆహారము లేనిచో సూక్ష్మజీవులు పెరుగవు. క్రొత్త విశ్వాసిని ఏ పనియు ఇయ్యక బల్లమీద కూర్చుండబెట్టుటయు అట్టిదే. అది ఓర్పు కాదు, అశ్రద్ధ. కొంచెము కొంచెముగా మేత వేయవలెను. సిద్ధమైన పిమ్మటను ఒకటి రెండు చేపలనే వదలి, రెండు వారములు ఆగి మరియొకటి చేర్చవలెను. ఉన్న భారమునకు తగినంతే సూక్ష్మజీవులుండును గనుక.

రెండవమారు నేను నలువదియొక్క దినములు కాచుకొంటిని. ఇప్పుడు తొట్టిలో రెండు చేపలున్నవి. ఆ యౌవనుడు ఈ సంవత్సరము మరల ఆరాధనకు వచ్చి వెనుక వరుసలో కూర్చుండుచున్నాడు. మేము అతనిని ఏ పదవికిని అడుగలేదు. ఆదివారము ఉదయమున చాపలు పరచుటకు మాత్రము మాతోకూడ ముందుగా వచ్చుచున్నాడు.