గోడ మీది భూగోళం

మా నాన్నగారు కిందటేడు రిటైరై ఊళ్లో ఇల్లు కట్టుకున్నారు. హాల్లో సోఫాకు ఎదురుగా ఆరడుగుల గోడ బోసిగా మిగిలింది. "ఫిజిక్సు చదువుతున్నావు గదా, ఆ గోడ సంగతి నువ్వే చూడరా" అన్నారు. ట్యూషన్లు చెప్పి దాచుకున్న డబ్బుతో కాన్వాసు మీద ఒక రోదసి ఛాయాచిత్రం వేయించాలని నిశ్చయించుకున్నాను. గోడకు బొమ్మ తగిలించడమూ ఒక చదువేనని ఆనాడు నాకు తెలియదు.

నేనెంచుకున్నది 'ఎర్త్ రైజ్'. 1968 డిసెంబరు 24న అపోలో-8 నౌక నాలుగోసారి చంద్రుణ్ణి చుట్టి వస్తూండగా బిల్ ఆండర్స్ తీసిన ఫోటో. బోర్మన్, లోవెల్ ఆయన సహచరులు. వాళ్లు వెళ్లింది చంద్రుణ్ణి చూడటానికి. భూమి కిటికీలోకి రాగానే ఆండర్స్ కంగారుగా కలర్ ఫిల్ము అందుకుని, 250 మిల్లీమీటర్ల లెన్సు బిగించిన హాసెల్‌బ్లాడ్ కెమెరాతో నొక్కాడు.

కాన్వాసు ఇంటికి చేరినప్పుడు నేను హాస్టల్లో ఉన్నాను. సెలవులకు వెళ్లి చూద్దును గదా, చంద్రుడి పైన ఆకాశం నిండా చుక్కలు! ప్రింటు వేసినాయన్ను అడిగితే, "ఉత్త నలుపు ఏం బాగుంటుందండీ? నేనే కొన్ని చుక్కలు పెట్టాను" అన్నాడు, మేలు చేసినవాడిలా. మళ్లీ వేయనన్నాడు. డబ్బు పోతే పోయింది. ఈలోగా మా చెల్లెలు ఆ బొమ్మను చూసే తన క్లాసులో చంద్రుడి దగ్గర చుక్కలెలా కనిపిస్తాయో వర్ణించి చెప్పిందట, "మా అన్నయ్య ఫిజిక్సు" అని సాక్ష్యంతో సహా. అది విని తల ఎత్తుకోలేకపోయాను.

చుక్కలెందుకు ఉండవో ఆ రాత్రి దానికి చెప్పాను. పెళ్లిపందిట్లో వీడియో లైట్ల కింద పెళ్లికూతురికి ఫోటో తీస్తే వెనకాల ఆకాశం నల్లగా పడుతుంది. చుక్కలెక్కడికీ పోలేదు. ముఖం కనపడాలని షట్టరును క్షణకాలమే తెరిచారు, వాటి మసక వెలుతురుకు ఆ వ్యవధి చాలలేదు. అక్కడా అంతే. ఎండలో మెరిసే చంద్రతలానికీ భూమికీ సెకనులో 250వ వంతు సరిపోయింది. కాబట్టి ఆ నలుపు ఖాళీ కాదు, కెమెరా ఇచ్చిన వాంగ్మూలం.

ఇంకో తమాషా ఉంది. చంద్రుడు ఎప్పుడూ ఒకే ముఖం మనవైపు తిప్పి ఉంచుతాడు. అందుచేత చంద్రుడి మీద నిలబడ్డవాడికి భూమి ఇలా ఉదయించదు, ఇంచుమించు ఒకే చోట వేలాడుతుంది. ఇక్కడ కదిలింది నౌక. ఆండర్స్ దృష్టిలో చంద్రతలం కుడిపక్క నిలువుగా ఉంది. పత్రికలవాళ్లు దాన్ని తిప్పి నేలలా అడుగున పరిచారు. ఏ వైపు తగిలించినా తప్పు కాదని నా అభిప్రాయం. చుక్కలు పెట్టడం మాత్రం తప్పే.

రెండోసారి జాగ్రత్తపడ్డాను. వాట్సాప్‌లో వచ్చిన బొమ్మ పనికిరాదు, అందులో వివరం నలిగిపోతుంది. 36 అంగుళాలు, 24 అంగుళాల కాన్వాసుకు అంగుళానికి 150 చుక్కల లెక్కన 5,400, 3,600 పిక్సెళ్లు కావాలి. నాసా సైటులో పెద్ద ఫైలు ఉచితంగానే దొరుకుతుంది. చెక్క చట్రం మీదుగా గుడ్డ మడవడానికి నాలుగువైపులా అంగుళంన్నర అదనంగా వదలకపోతే అంచు బొమ్మ మడతలోకి పోతుంది. నునుపు మెరుపు లేని కాన్వాసు అడగండి, లేకపోతే ఆ నలుపులో మీ ట్యూబులైటే ఉదయిస్తుంది. పడమటి ఎండ తగిలే గోడ వద్దు, తడిగుడ్డ అసలే వద్దు.

మిత్రులెవరైనా 'బ్లూ మార్బుల్' వేయించుకుంటే ఒకటి గమనించండి. 1972 డిసెంబరు 7న అపోలో-17 వ్యోమగాములు సుమారు 29,000 కిలోమీటర్ల దూరం నుంచి తీసినప్పుడు అందులో దక్షిణమే పైన ఉంది. మనం తిప్పి చూస్తున్నాం. కుడివైపు పైభాగాన సుడి తిరిగిన మేఘం, రెండు రోజుల క్రితం తమిళనాడును ముంచిన తుపాను. 1995లో హబుల్ తీసిన 'సృష్టి స్తంభాల' రంగులు కంటికి కనిపించేవి కావు. గంధకానికి ఎరుపు, ఉదజనికి ఆకుపచ్చ, ప్రాణవాయువుకు నీలం అని శాస్త్రజ్ఞులు కేటాయించినవి. అది మోసం కాదు, ఏది ఎందుకో చెప్పారు గనుక. ఇక 1990 ఫిబ్రవరి 14న వాయేజర్-1 దాదాపు 600 కోట్ల కిలోమీటర్ల నుంచి తీసిన ఫోటోలో భూమి ఒక్క పిక్సెల్ కన్నా చిన్నది. మా షాపాయనకిస్తే దుమ్మనుకుని చెరిపేస్తాడు! చెల్లెలు తన గదికి 2023 ఆగస్టు 30న ప్రజ్ఞాన్ తీసిన విక్రమ్ ఫోటో కావాలంది. నలుపు తెలుపుల్లోనే వేయించాను, రంగులద్దనివ్వలేదు.

రెండో కాన్వాసు తగిలించిన రోజు నాయనమ్మ దగ్గరకొచ్చి కళ్లు చికిలించి చూసింది.

"ఇందులో మన ఊరేదిరా?"

"మనం లేం నాయనమ్మా. ఆ ఫోటో తీసినప్పుడు ఇక్కడ రాత్రి పది దాటింది. మనం చీకటివైపు ఉన్నాం."

ఆవిడ వేళ్ల మీద లెక్క వేసుకుంది. "అప్పటికి మీ నాన్నకు నాలుగేళ్లు. వాణ్ణి పక్కలో వేసుకుని పడుకుని ఉంటాను" అని, నీలిగోళం పక్కనున్న నల్లటి చోట వేలు పెట్టబోయింది.

"ముట్టుకోకు, మరక పడుతుంది" అంది చెల్లెలు.